రైన్ లోయలో ఒక రోజు: ముందు ఏ ఒడ్డో తేల్చుకోండి

(ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. వారు మన్నించాలి. నేరుగా ఏట్లోకి దిగుతాను.

బింగెన్ నుంచి కోబ్లెంత్స్ దాకా రైన్ లోయ 65 కిలోమీటర్లు. 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దీన్నీ, హైడెల్‌బెర్గ్‌నీ, కొలోన్‌నీ ఒకే ఆదివారంలో చుట్టేద్దామనేవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. వద్దు బాబూ. బాఖరాఖ్, జాంక్ట్ గోఆర్, కోబ్లెంత్స్: ఈ మూడు ఊళ్లు చాలు.

మైంత్స్‌లో కోబ్లెంత్స్ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు ఎక్కండి. వేగంగా పోయే రైళ్లు బాఖరాఖ్‌లో ఆగవు, లోకల్ రైళ్లకీ బస్సులకీ పనికొచ్చే మీ నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ వాటిలో చెల్లదు కూడా. బాఖరాఖ్‌లో చెక్కదూలాల ఇళ్ల మధ్య ఒక గంట తిరిగి, పడవెక్కండి. టికెట్ వేరే కొనాలి. జాంక్ట్ గోఆర్ దాకా ఆ ఒక్క ముక్క చాలు, లోయలో అసలు అందం అక్కడే. ఏటి వాలుకి సుమారు 50 నిమిషాలు. అదే దూరం ఎదురెక్కితే గంట దాటుతుంది. పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ఎక్కువ, చలికాలంలో రేవుకెళ్లి నిలబడకండి.

దారిలో కౌబ్ అనే ఊరి దగ్గర నది నడుమ తెల్లటి కోట కనిపిస్తుంది. 1327లో మొదలుపెట్టిన సుంకం వసూలు కోట అది. మన టోల్ గేటే అనుకోండి, కాకపోతే ఫోటో బాగా వస్తుంది. ఆ కౌబ్‌లోనే నీటిమట్టం కొలిచే పట్టీ ఉంది. బయల్దేరే ముందు ఆ అంకె చూడండి. సున్నా అంటే నది అడుగు కాదు. ఆ అంకెకి సుమారు 112 సెంటీమీటర్లు కలిపితే ఓడదారి లోతు వస్తుంది. 2018 అక్టోబరులో ఆ అంకె 25 సెంటీమీటర్లకి పడిపోయింది. నీళ్లు అలా తగ్గినప్పుడు పడవలు కొన్ని రేవుల్లో ఆగకపోవచ్చు. 640 దాటితే ఓడల రాకపోకలే బంద్.

తర్వాత లోరెలై బండ, ఎత్తు 132 మీటర్లు. అక్కడ నది ఇరుకై మలుపు తిరుగుతుంది. ఎదురొచ్చే ఓడలకి అవతలి మలుపు కనపడదు కాబట్టి ఒడ్డున దీపాలతో హెచ్చరిస్తారు. ఆ బండ ఎక్కాలంటే మాత్రం అవతలి ఒడ్డున జాంక్ట్ గోఆర్స్‌హౌజెన్‌కి పోవాలి, అక్కణ్ణుంచి దాదాపు 400 మెట్లు.

అవతలికి ఎలా పోతారు? వంతెన ఏదీ? అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. మైంత్స్‌కీ కోబ్లెంత్స్‌కీ మధ్య సుమారు 80 కిలోమీటర్లు ఒక్క వంతెన లేదు, ఒక్కటంటే ఒక్కటి! ఒకటి కడదామని 2009లో పోటీ పెట్టి ఐర్లండ్ ఆర్కిటెక్టుల డిజైన్ ఎంచారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వంలో పార్టీల పొత్తు మారగానే పక్కన పెట్టారు. మళ్లీ తీశారు, మళ్లీ నానుస్తున్నారు. డ్రెస్డెన్‌లో వంతెన కట్టినందుకు 2009లో ఎల్బె లోయని యునెస్కో జాబితాలోంచి తీసేశారు, ఆ భయం ఇక్కడా ఉంది. చూసిపోయే మనకి కొండలు చెక్కుచెదరకూడదు, సరే. అర్ధరాత్రి అవతలి ఒడ్డు ఆస్పత్రికి పోవాల్సినవాడి గతి? దాటడానికి ఉన్నది బల్లకట్టే, వరదొస్తే అదీ ఆగుతుంది. గోదావరి లంకల పిల్లలు మీలో ఉంటే చేతులెత్తండి. చూశారా, మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

చీటీ వచ్చింది, ముగించమని. జాంక్ట్ గోఆర్ నుంచి మళ్లీ రైలెక్కి చేరే కోబ్లెంత్స్ గురించి రెండే మాటలు. మోజెల్ నది వచ్చి రైన్‌లో కలిసేచోట గుర్రమెక్కిన జర్మన్ చక్రవర్తి ఒకటో విల్‌హెల్మ్ విగ్రహం ఉంది. 1945లో ధ్వంసమైంది, 1993లో మళ్లీ నిలబెట్టారు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పులిహోర పొట్లం కట్టుకెళ్లి అక్కడ విప్పండి.

ఇంకొక్కటి. రెండు ఒడ్ల మీదా రైలుంది. ఏరు పారే వైపు చూస్తూ నిలబడితే ఎడమచేతి వైపుది ఎడమ ఒడ్డు, మన మూడు ఊళ్లూ ఆ ఒడ్డువే. తిరుగు ప్రయాణంలో ఎడమ ఒడ్డు రైలైతే ఎడమ కిటికీ, కుడి ఒడ్డు రైలైతే కుడి కిటికీ. పొద్దున వెళ్లేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు, బాఖరాఖ్ రైల్లో కుడివైపు కూర్చోండి.