ఫలితాలొచ్చాయి, ఇక ఆడేదెవరు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు వరసగా చదవమని నా చేతిలో ఒక కాగితం పెట్టారు. అధ్యక్షులవారు ఇందాకే చదివేశారు కాబట్టి మళ్ళీ చదవను. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని, మాటలతో, పాచికలతో కథ నడిపే ఆటలు, అంటే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు, రాసే పోటీ ఇది. గెలిచిన ముగ్గురికీ అభినందనలు. నేను మాట్లాడదామని వచ్చింది మాత్రం గెలవని గేముల గురించి. గెలిచినవాళ్ళూ వినండి, రేపటి నుంచి మీ గేమ్ గతీ అదే.

ముందు ఒక పని చేద్దాం. ఈ పోటీకి గేమ్ రాసి పంపినవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, సగం హాలు ఎత్తింది. దించకండి. ఇప్పుడు, ఇంకొకరు పంపిన గేమ్‌ని బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, ఒక్కసారైనా ఆడినవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. మిగతావాళ్ళు దించేయండి. నాలుగు. కాదు, ఆ మూలనున్నాయన తల గోక్కుంటున్నారు. మూడు.

చూశారుగా. నా బాధంతా ఈ మూడు చేతులే.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌ని చదివి మార్కులు వేయడమంటే, నాటకం ప్రతి చదివేసి నటులకి బహుమతులిచ్చినట్టు. ఈ తరహా ఆటలకి ఆద్యమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది, మొదటి విడత వెయ్యి కాపీలు. అది అందరికీ తెలిసిందే. కానీ అచ్చుకి ముందే, దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆటని స్నేహితులతో ఆడిస్తూ వచ్చాడు. రెండో ఆయన గ్యారీ గైగాక్స్ దగ్గరా ఆటలు సాగాయి. ముందు బల్ల, తర్వాత పుస్తకం. మనం దీన్ని తిరగేశాం. ముందు పీడీఎఫ్, ఆ తర్వాత బహుమతి. ఆట సంగతి ఎవరికీ పట్టలేదు.

నా సంగతి చెప్తాను. క్లుప్తంగా చెప్పాలనే ఉంది, నా వల్ల కాదు.

చాలా ఏళ్ళ కిందట నేనూ ఒక పోటీకి గేమ్ పంపాను. పడవ మునిగిపోతూ ఉంటుంది. అందులో ప్రయాణికులు ఒక్కొక్కరూ ఇన్నాళ్ళూ దాచుకున్న నిజాన్ని బయటపెట్టాలి. బల్ల మధ్యలో ఆరు పాచికలు. ఎవరైనా నిజం చెప్పినప్పుడల్లా పాచికలన్నీ వేసి, మూడూ అంతకు తక్కువా పడినవి పక్కకు తీసేయాలి. పాచికలు అయిపోతే పడవ మునుగుతుంది. న్యాయనిర్ణేతలు "భావుకత బాగుంది" అన్నారు. బహుమతి రాలేదు, పొగడ్త మిగిలింది. ఆ పొగడ్తను నెమరేసుకుంటూ ఒక ఏడాది గడిపాను.

ఏడాది తర్వాత ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, నాలుగు పేజీలు. ఐదుగురు కూర్చుని ఆడారట. ముగ్గురు నిజం చెప్పేసరికి పడవ మునిగింది. ఇద్దరు నోరు తెరవకుండానే పోయారు. ఆ ఇద్దరిలో ఒకావిడ ఆట మొదలైనప్పటి నుంచి తన రహస్యాన్ని మనసులో చెక్కుకుంటూ కూర్చుందట. ఆవిడకి ఎంత కోపం వచ్చిందో ఒక పేజీ.

లెక్క చూడండి. ప్రతి విసురుకీ సగటున సగం పాచికలు పోతాయి. ఆరు మూడవుతాయి, మూడు ఒకటో రెండో అవుతాయి, అంతే. చిన్నపిల్లలు వేసే లెక్క. నాకు తట్టలేదు, మార్కులు వేసినవాళ్ళకీ తట్టలేదు. ఎందుకంటే నేను ఆ గేమ్‌ని బుర్రలోనే ఆడాను. నా బుర్రలో ఆడేవాళ్ళందరూ బుద్ధిమంతులు, పాచికలు కూడా చెప్పిన మాట వింటాయి. ఉత్తరం చివర్న ఆ మనిషి ఇలా రాశాడు: "రెండోసారి ఒకటి పడిన పాచికలే తీశాం. రెండు గంటలు సాగింది. ఆవిడ రహస్యం విన్నాం. బాగుంది." ఆ నాలుగు పేజీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. భావుకత సర్టిఫికెట్ ఎక్కడుందో తెలియదు.

ఏం చెప్తున్నాను? ఆ, పోటీల గురించి.

2002లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చువేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీవాళ్ళు ఆ ఆట కథలు జరగడానికి కొత్త లోకం కావాలని పిలుపునిస్తే పదకొండు వేల పైచిలుకు ప్రతిపాదనలు వచ్చాయి. కీత్ బేకర్ గెలిచాడు. అతని లోకం ఎబెరాన్ 2004లో పుస్తకమైంది. చివరి ముగ్గురిలో మిగతా ఇద్దరి లోకాల్నీ కంపెనీ కొనేసింది, అవి అచ్చు మొహం చూడలేదు. డబ్బు ముట్టింది, కాదనను. కానీ రాసినవాడి చేతిలో లేని గేమ్‌ని బతికించేదెవరు? నిర్వాహకులకి నా మనవి, హక్కులు రాసినవాళ్ళకే వదిలేయండి. ఆడుకోవడానికి ఒక సాహసాన్ని ఒక్క పేజీలో రాసే వన్ పేజ్ డంజన్ పోటీ 2009లో మొదలైంది, చూడండి, వచ్చినవన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పంచారు. గెలవనిదాన్ని కూడా ఎవరైనా తీసుకుని ఆడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. గేమ్ షెఫ్ అనే గేమ్ రచన పోటీలో పుట్టిన పొలారిస్, ద మౌంటెన్ విచ్ అనే గేములు తర్వాత పుస్తకాలయ్యాయి. పోటీ రోజున్న రూపంతోనే అచ్చయ్యాయనుకుంటున్నారా? పోటీకి రాసింది చిత్తుప్రతి అండీ. చిత్తుప్రతికి దండ వేసి పక్కన పెట్టేస్తే ఎలా?

సొంతంగా బొమ్మలు వేయించుకోవడం, లేఅవుట్, అమ్మకం, ఇవన్నీ తర్వాత. ముందు ఆట. అది కూడా రాసినవాళ్ళు పక్కన కూర్చుని "నా ఉద్దేశం అది కాదు" అని సర్దిచెప్పని ఆట. కాగితం ఒక్కటే మాట్లాడాలి. ఆడాక ఉత్తరం రాయండి. "అద్భుతం" అని రాయకండి, దయచేసి. ఎక్కడ ఆగిపోయారో రాయండి. ఏ రూల్ దొరక్క మీరే ఒకటి కల్పించుకున్నారో రాయండి. ఎవరు ఎప్పుడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారో రాయండి, అది అన్నిటికంటే ముఖ్యం.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట, ఇది ఒప్పుకోకపోతే ఇందాకటి ఉత్తరానికి ద్రోహం చేసినట్టు. ఈ పోటీకి నేనూ ఒక న్యాయనిర్ణేతను. వచ్చినవన్నీ చదివాను, రాత్రిళ్ళు కూర్చుని శ్రద్ధగానే చదివాను. ఒక్కటీ ఆడలేదు. ఇందాక చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి కూడా లేవలేదు, మీరు గమనించలేదు.

అందుకని నేను అన్నిటికంటే తక్కువ మార్కులేసిన గేమ్ ప్రింట్ తీసి తెచ్చాను. పేరు చెప్పను. రాసినవాళ్ళు గుర్తుపడితే కాస్త దూరంగా నిలబడండి, మాట్లాడకండి. టీ విరామంలో తలుపు పక్కనున్న బల్ల దగ్గర ఉంటాను, పాచికలూ తెచ్చుకున్నాను. నలుగురు కావాలి. ఇద్దరొచ్చినా పర్వాలేదు. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చని మొదటి పేజీలో రాసుంది, నిజమో కాదో చూద్దాం.