నాలుగు గీతలే కదా అనుకుంటే: కమాండ్ లైన్‌లో మ్యాపు మీద గ్రిడ్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ మ్యాపు మీద గ్రిడ్ గీయడం గురించి, అదీ మౌస్ ముట్టుకోకుండా, కమాండ్లతో. అన్నా, నేరుగా అడిగేస్తున్నా. నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు గీతలు. దీనికి ఒక ఎపిసోడ్ అవసరమా?

గెస్ట్: (నవ్వు) గీతలు నాలుగేగానీ, అవి తప్పుగా ఉన్నాయనుకో, చూసేవాడు తప్పు చోటుని పూర్తి నమ్మకంతో చదువుకుంటాడు. గ్రిడ్ లేకపోతే కనీసం ‘ఇక్కడెక్కడో’ అనుకుని ఊరుకునేవాడు.

హోస్ట్: సరే, జీఎమ్‌టీతో మొదలుపెడదాం.

గెస్ట్: జెనరిక్ మ్యాపింగ్ టూల్స్, కమాండ్లతో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్. 1987 చివర్లో పాల్ వెస్సెల్, వాల్టర్ స్మిత్ అని ఇద్దరు, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి చెందిన లామాంట్ పరిశోధనా కేంద్రంలో చదువుకుంటున్నప్పుడు మొదలుపెట్టారు. ఇప్పటికీ సముద్రం అడుగు మీద, భూకంపాల మీద పనిచేసేవాళ్లు దీన్నే వాడతారు. ఇందులో ముందు మూడు ఆప్షన్లు అర్థమైతే చాలు. మైనస్ ఆర్ అంటే ఏ ప్రాంతం, పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం ఆ వరసలో: 0/20/40/60 అలా. మైనస్ జే అంటే ఏ ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి తెచ్చే పద్ధతి, ఎంత వెడల్పు. మన గ్రిడ్ అంతా మైనస్ బీలో ఉంటుంది.

హోస్ట్: ఆ మైనస్ బీ చూస్తేనే నాకు టెన్షన్. ఏ10ఎఫ్5జీ5 అని ఏదో పాస్‌వర్డ్‌లా ఉంటుంది.

గెస్ట్: విడదీసి చదువు. ఏ అంటే అంకె రాసే చోటు, ఎఫ్ అంటే అంచు మీద చిన్న గుర్తు, జీ అంటే మ్యాపు మీదుగా పోయే గీత. అంటే ప్రతి 10 డిగ్రీలకి అంకె రాయి, 5కి గుర్తు పెట్టు, 5కే గీత గీయి. మూడూ వేర్వేరు పనులు, అందుకే మూడు అక్షరాలు. ఇది తెలియక చాలామంది ఏ10 ఒక్కటే రాసి, అంచున అంకెలు వచ్చాయిగానీ గీతలు రాలేదేంటని తల పట్టుకుంటారు. జీ ఇవ్వలేదుగా, గీతలు ఎక్కడినుంచి వస్తాయి! తొందరగా ఒక చూపు చూసుకోవాలంటే అంకెలు కూడా అక్కర్లేదు, ఉత్త ఏఎఫ్‌జీ అని రాస్తే సరిపడే దూరాలు అదే చూసుకుంటుంది. ఇంకోటి, అదే మైనస్ బీ వెనక డబ్ల్యూ, ఎస్ పెద్ద అక్షరాలు, ఎన్, ఈ చిన్న అక్షరాలు పెడితే పడమర, దక్షిణం వైపు అంకెలు వస్తాయి, మిగతా రెండు వైపులా గుర్తులు మాత్రమే.

హోస్ట్: మ్యాపుల కోసం గ్రాస్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉందిగా, అందులో వేరే పద్ధతి కదా?

గెస్ట్: గ్రాస్ జీఐఎస్‌లో డీ డాట్ గ్రిడ్ అని ఒకే కమాండ్, సైజ్ ఇస్తే గీసేస్తుంది. అసలు తిరకాసు అక్కడే ఉంది. నీ డేటా యూటీఎమ్‌లో, అంటే భూమిని నిలువు జోన్లుగా విడదీసి కొలిచే పద్ధతిలో ఉందనుకో, అక్కడ లెక్కంతా మీటర్లలో. సైజ్ 1000 అంటే కిలోమీటరుకి ఒక గీత. డిగ్రీ గ్రిడ్ కావాలని మనసులో అనుకుని సైజ్ 1 ఇచ్చావా, మీటరుకో గీత అడిగినట్టే, దానికి నీ మనసులో మాట ఏం తెలుస్తుంది! అక్షాంశ రేఖాంశాలు కావాలంటే మైనస్ జీ ఫ్లాగ్ పెట్టి, సైజ్‌ని డిగ్రీలు, నిమిషాల్లో, 0:05:00 లాగా ఇవ్వాలి. అంటే 5 నిమిషాలకో గీత, ఉత్తర దక్షిణాలుగా చూస్తే దాదాపు 9 కిలోమీటర్లు.

హోస్ట్: అలా గీస్తే గీతలు కొంచెం వంకరగా వస్తాయి. చూసినవాళ్లు ‘ఇదేంటి ఒరిగిపోయింది’ అంటారు.

గెస్ట్: ఒరగాలి, ఒరగకపోతేనే అనుమానించాలి! యూటీఎమ్ జోన్ 6 డిగ్రీల వెడల్పు, మధ్యలో ఒక మెరిడియన్, అంటే రేఖాంశ గీత ఉంటుంది, అది మాత్రం నిటారుగా ఉంటుంది. దాన్నుంచి పక్కకి పోయేకొద్దీ మిగతా రేఖాంశాలు మీటర్ల గ్రిడ్‌తో కోణం చేస్తాయి. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర, జోన్ అంచున ఉంటే ఆ కోణం ఒకటిన్నర డిగ్రీ దాకా ఉంటుంది. చిన్నదే అనిపిస్తుంది, కానీ దిక్సూచి పట్టుకుని నడిచేవాడికి 10 కిలోమీటర్లు పోయాక పావు కిలోమీటరు పైనే తేడా. అందుకే రెండు గ్రిడ్లూ ఒకే మ్యాపు మీద గీస్తే రెండు రంగులు పెట్టాలి, ఏది డిగ్రీలో, ఏది మీటర్లో కింద రాయాలి. రాయకపోతే అది అలంకారం, అంతే.

హోస్ట్: నాకు గీతలు ఎక్కువైతే అసలు మ్యాపే కనపడదన్న బాధ ఎక్కువ.

గెస్ట్: అందుకు గీతల బదులు చిన్న ప్లస్ గుర్తులు. గ్రాస్‌లో మైనస్ సీ పెడితే, గీతలు కలిసే చోట మాత్రం ప్లస్ పడుతుంది. జీఎమ్‌టీలో మ్యాప్ గ్రిడ్ క్రాస్ సైజ్ ప్రైమరీ అనే సెట్టింగ్‌కి చిన్న కొలత ఇవ్వాలి, సున్నా ఉంటే నిండు గీత. వాగులు, రోడ్లు కిక్కిరిసిన మ్యాపుకి నేనైతే ప్లస్సులే పెడతా. నల్లటి నిండు గీత నాకు అస్సలు నచ్చదు, బూడిద రంగు, క్వార్టర్ పాయింట్ మందం చాలు.

హోస్ట్: వరస సంగతి? ఒక్కోసారి నేల మీద గీతలు మాయమై సముద్రంలో మాత్రం ఉంటాయి.

గెస్ట్: జీఎమ్‌టీలో ముందు బేస్‌మ్యాప్ కమాండ్‌తో గ్రిడ్ గీసి, తర్వాత కోస్ట్ కమాండ్‌తో నేలకి రంగు వేశావు, రంగు గీతల మీద కూర్చుంది. ముందు గీసింది కింద, తర్వాతది పైన. గ్రిడ్ అన్నిటికంటే పైన కావాలంటే ఆ కమాండ్‌ని చివరికి జరుపు, లేదా పారదర్శకత కోసం మైనస్ టీ వాడు. అయితే సముద్రం చార్టు చేసేవాళ్లకి ఇదే వరం, నేల మీద గీతలు వద్దనుకుంటే కావాలనే ఈ వరసలో పెట్టుకోవచ్చు.

హోస్ట్: చివరగా, గ్రిడ్ సరైన చోటే పడిందని ఎలా తెలుస్తుంది?

గెస్ట్: గీతలు కలిసే ఒక చోటు తీసుకో, ఉదాహరణకి 10, 50. ఆ రెండంకెలూ ప్లాట్ కమాండ్‌కి ఇచ్చి ఎర్ర చుక్క పెట్టు. కూడలి మీద పడాలి. అంకెల వరస తిరగేసి ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం ఇచ్చినా, చుక్క మ్యాపు బయటికి పోయి కనపడదు, విషయం అక్కడే తేలిపోతుంది. తర్వాత ఆ చుక్క తీసేసి మ్యాపు పంపించు.