ర్యాంక్ లిస్ట్ పెట్టే ముందు ఆ ఊరిని పొద్దున ఐదింటికి చూడండి

నమస్తే అండి. అమెరికాలో మెడికల్ రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ చేసే స్పెషలిస్ట్ ట్రైనింగ్‌కి, అప్లై చేసిన మన డాక్టర్ల కోసం ఈ వీడియో. ప్రోగ్రామ్‌లని మీకు నచ్చిన వరసలో రాసిచ్చేది ర్యాంక్ లిస్ట్, ఆ లిస్టుల్ని బట్టి సీటు కేటాయించడం మ్యాచ్. స్క్రీన్ మీద కనిపిస్తున్నది న్యూయార్క్ క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్. పైన పోతున్నది సెవెన్ ట్రైను. టైము పొద్దున ఐదుంపావు. మన సరుకులు దొరికే 74వ వీధి షాపులు ఇంకా షట్టర్లు ఎత్తలేదు. ఆరున్నరకి సైన్ అవుట్, అంటే రాత్రి డ్యూటీ వాళ్ల నుంచి పేషెంట్ల వివరాలు, తీసుకోవాల్సిన ఇంటర్న్ (మొదటి ఏడాది రెసిడెంట్) మాత్రం ఈపాటికి ప్లాట్‌ఫామ్ మీద ఉంటారు. ఊరు నచ్చిందా లేదా అన్నది తేల్చుకోవాల్సింది ఈ టైములోనే. ఆదివారం సాయంత్రం దోశ తింటూ చూస్తే ఏ ఊరైనా బాగానే ఉంటుంది.

సంక్రాంతి దాటేసరికి ఇంటర్వ్యూలు దాదాపు అయిపోతాయి. మార్చి తొలివారంలోగా ర్యాంక్ లిస్ట్ పెట్టాలి. ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. "మనకి వచ్చేది ఇదేలే" అని సేఫ్ అనుకున్న ప్రోగ్రామ్‌ని ఒకటో నంబర్‌లో పెట్టేస్తారు. మ్యాచ్ అల్గారిథమ్ మీ లిస్టుని పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదటిది దొరకలేదని రెండోదానిలో మీ ఛాన్సు తగ్గదు. కాబట్టి దొరుకుతుందా లేదా అన్న లెక్క పక్కన పెట్టి, మీ ఇష్టం ప్రకారమే వరస పెట్టండి. "మా లిస్టులో మీరు పైన ఉన్నారు" అని మెయిల్ వచ్చినా దానికి కట్టుబడాల్సిన పని వాళ్లకి లేదు. అయితే లిస్టులో పెట్టిన చోట మ్యాచ్ అయితే మీరు వెళ్లి తీరాలి. 2025లో విదేశీ పౌరులైన ఐఎంజీల్లో, అంటే అమెరికా బయట మెడిసిన్ చదివినవాళ్లలో, మ్యాచ్ అయినవాళ్లు దాదాపు 58 శాతమే. అందుకని చలి ఎక్కువనో, గుడి దూరమనో ప్రోగ్రామ్‌ని తీసేయకండి, కిందికి దించండి చాలు. అసలు ఉండలేం అనుకున్నదాన్నే తీసేయాలి.

ఇక ప్రోగ్రామ్ సంగతి. రెసిడెంట్లతో జూమ్ సోషల్ పెడతారు కదా, అక్కడ "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంది?" అని అడక్కండి. "అందరం ఒక ఫ్యామిలీలా ఉంటాం" అంటారు, అయిపోయింది. పోయిన వారం పోస్ట్ కాల్ రోజు, అంటే రాత్రంతా డ్యూటీ చేసిన మర్నాడు, ఎన్నింటికి బయటపడ్డారు అని అడగండి. రాత్రిపూట రక్తం ఎవరు తీస్తారు, పేషెంట్‌ని సీటీ స్కాన్‌కి ఎవరు తోసుకెళ్తారు అని అడగండి. న్యూయార్క్‌లో కొన్ని ఆసుపత్రుల్లో ఆ పనులు రెసిడెంట్ల మీదే పడతాయని పేరు. అదే జరిగితే ఎనిమిది మంది పేషెంట్లున్నా పదిహేను మంది ఉన్నట్టే. బ్యాకప్ కాల్‌కి, అంటే ఎవరైనా రాలేకపోతే వాళ్ల బదులు డ్యూటీకి, నెలలో ఎన్నిసార్లు పిలిచారన్నది కూడా అడగాలి. ఆ సంఖ్యని బట్టే మనుషులు సరిపోతున్నారో లేదో తెలుస్తుంది.

వారానికి 80 గంటలు దాటకూడదన్న ఏసీజీఎంఈ (రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లకి గుర్తింపునిచ్చే సంస్థ) రూలుని అందరూ చెబుతారు. అది 4 వారాల సగటు. ఒక వారం 92 గంటలు పడి, ఇంకో వారం 65 పడితే రూలు తప్పినట్టు కాదు. ఏడు రోజులకి ఒక సెలవన్నదీ సగటే, కాబట్టి వరసగా పన్నెండు రోజులు పనిచేయడం కూడా జరుగుతుంది. ఏకబిగిన డ్యూటీ 24 గంటల దాకా, ఆపైన పేషెంట్లని తర్వాతి వాళ్లకి అప్పగించే హ్యాండాఫ్‌ల కోసం 4 గంటల దాకా. ఫోర్ ప్లస్ వన్ షెడ్యూలు ఉంటే నాలుగు వారాల వార్డుల తర్వాత ఒక క్లినిక్ వారం వస్తుంది. బ్యాంకు పనైనా, డ్రైవింగ్ టెస్టైనా ఆ వారంలోనే.

ఇంటి దగ్గర కూర్చునే చేయగలిగిన పని ఇంకోటుంది. ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో ఫొటోలు లెక్కపెట్టండి. ఫస్ట్ ఇయర్‌లో కేటగోరికల్ సీట్లు (ట్రైనింగ్ మొత్తానికి ఇచ్చేవి) ఇరవై ఉండి సెకండ్ ఇయర్‌లో పదహారు మొహాలే కనిపిస్తే, ఆ నలుగురూ ఏమయ్యారో అడగాల్సిందే. ఇంటర్నల్ మెడిసిన్ అయితే ఏబీఐఎం (ఆ స్పెషాలిటీకి పరీక్ష పెట్టే బోర్డు) ప్రోగ్రామ్‌ల మూడేళ్ల బోర్డ్ పాస్ రేటు అందరికీ కనిపించేలా పెడుతుంది, అదీ చూడండి.

ఊరి విషయంలో ముందు లెక్కేయాల్సింది అద్దె. న్యూయార్క్‌లో చాలామంది ఓనర్లు నెల అద్దెకి 40 రెట్లు ఏడాది జీతం ఉండాలంటారు. 75 వేల డాలర్ల జీతాన్ని 40తో భాగిస్తే 1,875. ఆ అద్దెకి దొరికేది ఎంత ఇల్లో మీరే వెతికి చూడండి. పైగా సిటీలో ఉంటే సిటీ ఇన్‌కమ్ ట్యాక్స్ వేరే. హాస్పిటల్ హౌసింగ్ ఉందా, ఉంటే ఇంటర్న్‌కి గ్యారంటీయా లేక వెయిటింగ్ లిస్టా అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

డెట్రాయిట్ వైపు కథ వేరు. ట్రాయ్, నోవై, కాంటన్‌లలో తెలుగువాళ్లు బోలెడంతమంది, అద్దె కూడా న్యూయార్క్ కంటే బాగా తక్కువ. కానీ కారు లేకుండా అడుగు కదలదు. మిషిగన్‌లో కారు ఇన్సూరెన్స్ దేశంలోనే ఖరీదైన వాటిలో ఒకటి, అమెరికా డ్రైవింగ్ హిస్టరీ లేని కొత్తవాళ్లకి ఇంకా ఎక్కువ. అద్దెలో మిగిలిందనుకున్నది అటు పోతుంది. మ్యాచ్ అయిన వెంటనే కొటేషన్ తీసుకుంటే షాక్ ముందే తగులుతుంది, మంచిదే. టెక్సస్, ఫ్లోరిడాల్లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, అయితే అక్కడా కారు కావాల్సిందే.

ఏ ఊరైనా మ్యాప్స్‌లో పొద్దున ఆరింటికి చేరేలా టైము పెట్టి చూడండి, మధ్యాహ్నం పోస్ట్ కాల్ తర్వాత తిరుగు ప్రయాణమూ చూడండి. 28 గంటలు మేలుకుని నలభై నిమిషాలు హైవే మీద నడపడం ప్రమాదం. అలాంటి రోజు క్యాబ్ ఖర్చు ఇస్తారా అని మొహమాటపడకుండా అడగండి. నిద్రపోవడానికి చోటూ, ఇంటికి క్షేమంగా చేరే ఏర్పాటూ చూపించాలని ఏసీజీఎంఈ రూలే ఉంది.

పెళ్లయినవాళ్లకి వీసా కూడా ఊరిని నిర్ణయిస్తుంది. జే వన్ (ఎక్స్‌ఛేంజ్ విజిటర్ వీసా) మీద వస్తే, వెంట జే టూ మీద వచ్చే భాగస్వామి ఇక్కడికి వచ్చాక వర్క్ పర్మిట్‌కి అప్లై చేయొచ్చు, చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. హెచ్ వన్ బీ (వర్క్ వీసా) అయితే డాక్టర్ల లైసెన్స్ పరీక్షల్లో చివరిదైన స్టెప్ త్రీ ముందే పాసై ఉండాలి, వెంట హెచ్ ఫోర్ మీద వచ్చే భాగస్వామి మొదట్లో పనిచేయలేరు. సాఫ్ట్‌వేర్ చేసే మనిషిని ముప్పై వేల జనాభా ఊళ్లో మూడేళ్లు ఖాళీగా కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. జే వన్ వాళ్లకి ఒక ఊరట: కొత్తగా వచ్చినవాళ్లకి మామూలుగా మొదటి రెండు క్యాలెండర్ ఇయర్స్ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కోతలు ఉండవు. 65 వేల జీతం మీద 7.65 శాతమంటే నెలకి 400 డాలర్ల పైనే. కొన్ని పేరోల్ ఆఫీసులు తెలియక కోసేస్తుంటాయి, మొదటి పేస్లిప్పే సరిచూడండి.

చివరి నిమిషంలో వరస మారిస్తే మళ్లీ సర్టిఫై బటన్ నొక్కాలి, లేకపోతే ఆ మార్పు లెక్కలోకి రాదు. గడువు ఈస్టర్న్ టైము బుధవారం రాత్రి 9. అంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గురువారం పొద్దున ఏడున్నర.