రిగ్ వచ్చేలోపు సైట్ రెడీ చేసుకోవడం: ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండి, లైన్లో ఉన్నారు.

కాలర్ 1: నమస్తే సార్, మేం సివిల్ పనులు చేస్తాం, చమురు, గ్యాస్ బావి తవ్వే రిగ్ సైట్ మాత్రం ఇదే మొదలు, నేల ఒకపక్క మెరక ఒకపక్క పల్లం సార్, మెరక తవ్వి ఆ మట్టే పల్లంలో పోస్తున్నాం, బావి పాయింట్ సరిగ్గా మధ్యలో వచ్చింది, అంటే రిగ్ సగం పోసిన మట్టి మీదకొస్తుంది, రోలర్ గట్టిగానే తిప్పించాం, సరిపోతుందంటారా?

నిపుణుడు: సరిపోదండి. సబ్‌స్ట్రక్చర్, అంటే రిగ్‌ని మోసే కింది ఇనుప చట్రం, మొత్తం తవ్విన గట్టి నేల మీదే కూర్చోవాలి. మాస్ట్, అంటే రిగ్ టవర్ బరువు, హుక్‌కి వేలాడే కేసింగ్ గొట్టాలు, నిలబెట్టిన డ్రిల్ పైపులు, అంతా అక్కడే దిగుతుంది. ఒకపక్క కొంచెం కుంగినా మాస్ట్ బావి సెంటర్ తప్పుతుంది.

కాలర్ 1: ఇంకో నాలుగుసార్లు రోలర్ తిప్పితేనో సార్?

నిపుణుడు: మళ్ళీ అదే అడుగుతున్నారు! పైన తిప్పితే పై పొరే గట్టిపడుద్ది, కింద గుల్లే. 20, 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తగినంత తడిపి, ఒక్కో పొరా తొక్కించాలి. అలా చేసినా అక్కడ పైపు ర్యాకులు పెట్టుకోండి, రిగ్ వద్దు. ప్యాడ్ లెవెల్, అంటే చదును చేసే నేల మట్టం, దించుకోండి బాబూ, అప్పుడు ఆ పాయింట్ దగ్గర తవ్వకమే వస్తుంది. మట్టి ఎక్కువ తియ్యాలి, ఖర్చే, తప్పదు. సాయిల్ టెస్ట్ చేయించండి. పైనున్న సారవంతమైన మట్టి మాత్రం విడిగా కుప్పేయండి, పనయ్యాక నేల మీద మళ్ళీ అదే పరవాలి.

కాలర్ 1: బావి నోటి దగ్గరి సెల్లార్ గొయ్యి అయిపోయింది సార్, కాంక్రీట్ కూడా వేసేశాం, దానికేం భయం లేదు కదా?

నిపుణుడు: గోడ వెనక ఖాళీ దేంతో పూడ్చారు?

కాలర్ 1: తవ్విన మట్టే సార్, బకెట్‌తో నెట్టించాం...

నిపుణుడు: అదీ పోసిన మట్టేనండీ! రిగ్ కాళ్ళు దాని పక్కనే దిగుతాయి. వాన నీళ్ళు దిగితే అక్కడే కుంగేది. తీయించి పొరలుగా దిమ్మిస కొట్టించండి.

యాంకర్: థాంక్యూ అండి. నెక్స్ట్ కాలర్?

కాలర్ 2: డ్రిల్లింగ్ బురద పోసే మడ్ పిట్‌లో లైనర్ షీట్ పరుస్తున్నాం మేడం...

నిపుణుడు: ముందు రాళ్ళు, వేర్లు ఏరించండి, ఒక్క మొన తేలిన రాయి చాలు చిరగడానికి. అంచు గట్టు మీదకి తెచ్చి కాలవలో పూడ్చండి. పిట్ కూడా పోసిన మట్టిలో వద్దు. వాన నీళ్ళు పిట్‌లోకి రాకుండా బయట వేరే కాలవ తియ్యండి.

యాంకర్: ఇంకో కాల్, త్వరగా అండి.

కాలర్ 3: గ్యాస్ కాల్చేసే ఫ్లేర్ పిట్ ఎటుపక్క సార్?

నిపుణుడు: గాలి ఎక్కువగా ఎటు వీస్తుందో చూసి, గాలి పోయే వైపు, రిగ్‌కి దూరంగా. క్యాంప్ గాలి వచ్చే వైపు. గ్యాస్ వస్తే మనుషుల మీదకి రాకూడదు. బయటికి రెండు దారులుంచండి, ఒకటి...

యాంకర్: సారీ సార్, టైమ్ అయిపోయింది. కాల్ చేసినవాళ్ళందరికీ థాంక్యూ.