కరెంటు పోయినా పని మిగలాలి: మూడు ఎడిటర్ల సెషన్ రివ్యూ

అందరికీ నమస్తే అండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వినపడగానే విశాఖలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు కోసం ఎలా ఎదురుచూశామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అంత తుఫాను కూడా అవసరం లేదు, మధురవాడలో అద్దె గదిలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద కోడ్ రాసుకునే కుర్రాడికి ఓ సాయంత్రం గాలివాన చాలు. అందుకే ఈ వీడియోలో కోడ్, టెక్స్ట్ రాసుకునే ఎడిటర్లు విమ్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, వీఎస్ కోడ్, ఈ మూడింట్లో సెషన్, అంటే మధ్యలో ఆగిన మన పని, ఎలా సేవ్ అవుతుందో, ఎలా తిరిగొస్తుందో చూద్దాం.

మొదట ఒకటి తేల్చుకోవాలి. ఏ ఫైళ్లు తెరిచారు, విండోలు ఎలా పేర్చుకున్నారు, కర్సర్ ఎక్కడుంది అనేది ఒక సంగతి. టైప్ చేసి ఇంకా సేవ్ కొట్టని అక్షరాలు వేరే సంగతి. రెండింటినీ సెషన్ అనే అంటారు. మీ ఎడిటర్ వీటిలో ఏది దాస్తుందో తెలియకపోతే, అవసరమైన రోజునే అది చేతులెత్తేస్తుంది.

విమ్‌తో మొదలుపెడతాను, ఎక్కువసేపు ఉండేది కూడా ఇక్కడే. కోలన్ నొక్కి ఎంకేసెషన్ అని కొడితే, మీరున్న ఫోల్డర్‌లో సెషన్ డాట్ విమ్ అనే ఫైల్ తయారవుతుంది. రెండోసారి అదే పేరుతో రాయాలంటే చివర ఆశ్చర్యార్థకం పెట్టాలి. మర్నాడు టెర్మినల్‌లో విమ్, స్పేస్, మైనస్, పెద్ద ఎస్ కొట్టండి. నిలువుగా చీల్చుకున్న విండోలు, ట్యాబులు, మడతపెట్టిన ఫంక్షన్లు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇప్పుడు ఆ సెషన్ ఫైల్‌నే తెరుస్తున్నాను, స్క్రీన్ మీద చూడండి. మామూలు టెక్స్టే. ఈ లైన్లో బి, ఏ, డి, డి అని ఉంది, పక్కన ప్లస్ 142, ఆ తర్వాత ఫైల్ పేరు. అంటే ఈ ఫైల్‌ని జాబితాలో చేర్చు, 142వ లైన్ దగ్గర ఆగాం అని. మనం చేత్తో కొట్టే కమాండ్లే ఇందులో వరసగా రాసి ఉంటాయి. నాకు విమ్‌లో బాగా నచ్చేది ఇదే. అక్కర్లేని ఫైల్ ఉంటే ఆ లైన్ మీరే తీసేయొచ్చు.

మరి ఈ ఫైల్ అంతా వెతికినా, నేను ఇందాక టైప్ చేసి సేవ్ చేయని పేరా దొరకదు. విమ్ సెషన్ టెక్స్ట్‌ని దాచదు. ఆ పని స్వాప్ ఫైల్, అంటే మీరు టైప్ చేస్తుండగా విమ్ పక్కన రాసుకునే తాత్కాలిక ఫైల్, చూసుకుంటుంది. 200 అక్షరాలు టైప్ చేసినప్పుడో, 4 సెకన్లు చేయి ఆపినప్పుడో అది డిస్క్ మీద రాసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఫైల్ తెరిస్తే ఎర్రగా ఓ హెచ్చరిక వస్తుంది కదా, కంగారుపడి డిలీట్ కొట్టకండి. రికవర్ ఎంచుకోండి, టెక్స్ట్ సరిగ్గా ఉందని చూసుకుని సేవ్ చేయండి, ఆ తర్వాతే పాత స్వాప్ ఫైల్‌ని తీసేయండి. మూసి తెరిచాక కూడా అన్‌డూ పనిచేయాలంటే అన్‌డూఫైల్ సెట్టింగ్ ఆన్ చేసుకోవాలి, 2010లో వచ్చిన 7.3 వెర్షన్ నుంచీ అది ఉంది.

విమ్‌లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. సెషన్‌ఆప్షన్స్ అనే సెట్టింగ్‌లో మామూలుగా ఆప్షన్స్ అనే మాట ఉంటుంది. దానివల్ల ఆ రోజు ఉన్న సెట్టింగులు, కీ మ్యాపింగులు, అంటే ఏ కీ నొక్కితే ఏం జరగాలని మీరు పెట్టుకున్నవి కూడా సెషన్‌లోకి వెళ్లిపోతాయి. తర్వాత మీరు విమ్‌ఆర్‌సీ, అంటే విమ్ సెట్టింగుల ఫైల్, మార్చుకున్నా, పాత సెషన్ లోడ్ చేయగానే పాత పద్ధతే తిరిగొస్తుంది. కొత్తవాళ్లు గంటలు గంటలు తల పట్టుకునేది ఇక్కడే. ఆ ఒక్క మాట తీసేయండి. ప్రతిసారీ చేత్తో సేవ్ చేయడం విసుగనిపిస్తే అబ్సెషన్ అనే ప్లగిన్ పెట్టుకోండి, సెషన్ ఫైల్‌ని అదే అప్‌డేట్ చేస్తూ ఉంటుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సంగతి వేరు. ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ పేజీకి వెళ్లండి. సెషన్ స్నాప్‌షాట్ టిక్ ఉంటే, మార్పు జరిగినప్పుడల్లా 7 సెకన్లకోసారి బ్యాకప్ రాస్తుంది. ఆ సెకన్లు మీరే మార్చుకోవచ్చు. పేరు కూడా పెట్టని న్యూ 1, న్యూ 2 ట్యాబులు సైతం తిరిగొస్తాయి. నోట్స్ రాసుకునే వాళ్లకి, గాలివానకి భయపడే వాళ్లకి నేను చెప్పేది ఇదే. ఫైల్ మెనూలో సేవ్ సెషన్ అని విడిగా ఇంకోటి ఉంది. అది ఒక్కో ప్రాజెక్ట్ ఫైళ్ల జాబితాని వేరువేరుగా దాచుకోవడానికి. ఫైళ్లని వేరే ఫోల్డర్‌లోకి మారిస్తే ఆ జాబితా వాటిని వెతికి పట్టుకోలేదు.

వీఎస్ కోడ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. సేవ్ చేయకుండా మూసినా మార్పుల్ని గుర్తుపెట్టుకునే హాట్ ఎగ్జిట్ అనే సదుపాయం ముందే ఆన్‌లో ఉంటుంది, మళ్లీ తెరిస్తే అవి కూడా వచ్చేస్తాయి. ఒకేసారి రెండు మూడు ఫోల్డర్లు తెరిచి, మధ్యలో ఒక విండో మూసే అలవాటున్న వాళ్లు మాత్రం సెట్టింగ్స్‌లో హాట్ ఎగ్జిట్ దగ్గర ఆన్ ఎగ్జిట్ అండ్ విండో క్లోజ్ ఎంచుకోండి, అప్పుడు ఒక విండో మూసినా అందులోని మార్పులు ఉంటాయి.

ఏది వాడినా, ఈరోజే పరీక్షించండి. పనికిరాని ఫైల్ ఒకటి తెరిచి నాలుగు లైన్లు టైప్ చేయండి, సేవ్ కొట్టకుండా కాసేపు ఆగండి, టాస్క్ మేనేజర్‌లోంచి ఎడిటర్‌ని ఆపేసి మళ్లీ తెరవండి. ఏం తిరిగొచ్చిందో మీ కళ్లతో మీరే చూస్తారు.

ఇంకో మాట, కాలేజీ ల్యాబుల్లో, ద్వారకానగర్ నెట్ సెంటర్లలో కూర్చుని పనిచేసే వాళ్లకి. సేవ్ చేయని ట్యాబులో మీరు పాస్‌వర్డో, బ్యాంకు వివరాలో పెట్టుకుంటే, బ్యాకప్ ఫోల్డర్‌లో అవి మామూలు టెక్స్ట్‌గానే ఉండిపోతాయి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎడిటర్ తెరిస్తే చాలు, మీ ట్యాబులే కనపడతాయి. అలాంటి చోట్ల మొత్తం విండోని ఒకేసారి మూయకండి. ఒక్కో ట్యాబునీ విడిగా మూసి, సేవ్ చేయాలా అని అడిగితే వద్దని చెప్పి, ఆ తర్వాత లేవండి.