ప్రెసిడెంట్‌గారి మిత్రుడే చీఫ్ జస్టిస్ అయితే? 1968 నాటి ఫోర్టాస్ గొడవ

[తెరపై: సుప్రీంకోర్టు మెట్లు, పాత నలుపు-తెలుపు ఫొటో]

నమస్తే. అమెరికాలో చీఫ్ జస్టిస్ కుర్చీకి ప్రెసిడెంట్ ఒక పేరు పంపుతారు, సెనేట్ సరేనంటేనే పదవి. 1968 జూన్‌లో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ పంపిన పేరు ఏబ్ ఫోర్టాస్.

మనిషి తెలివిని ఎవరూ శంకించలేదు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేని నిందితుడికి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు ఉంది కదా, అందులో గిడియన్ తరఫున వాదించింది ఈయనే. 1965 నుంచి సుప్రీంకోర్టు జడ్జి కూడా.

మరి పేచీ ఎక్కడ? 1948లో జాన్సన్ సెనేట్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, 87 ఓట్లతో బయటపడి, కోర్టు కేసులో చిక్కుకుంటే గట్టెక్కించిన లాయరు ఫోర్టాస్. స్నేహం తప్పు కాదు లెండి. కానీ జడ్జి అయ్యాక కూడా వైట్‌హౌస్‌కి రాకపోకలు ఆగలేదు.

[తెరపై: సెనేట్ కమిటీ గది]

జులైలో కమిటీ నిలదీస్తే, వియత్నాం యుద్ధం మీద, అల్లర్ల మీద ప్రెసిడెంట్ పెట్టిన సమావేశాలకు వెళ్లానని ఒప్పుకున్నారు. యుద్ధం ఖర్చు గురించి ఒక వ్యాపారవేత్త ఏదో అంటే, ఆయనకు ఫోన్ చేసి ఆ లెక్క తప్పని చెప్పింది కూడా ఈ జడ్జిగారే! రేపు అదే ప్రభుత్వం మీద కేసు వస్తే ఈయన బెంచి మీద కూర్చోవచ్చా?

కొందరు సెనేటర్లు మాత్రం బూతు సినిమాల కేసుల్లో ఈయన తీర్పుల్ని పట్టుకున్నారు. ఆ సినిమాలు తెప్పించి తోటివాళ్లకు వేసి మరీ చూపించారు. నన్నడిగితే అదంతా ఉత్త హడావిడి.

సెప్టెంబరులో డబ్బు సంగతి బయటపడింది. ఒక యూనివర్సిటీలో వేసవి సెమినార్ చెప్పినందుకు 15,000 డాలర్లు. జడ్జిగా ఆయన ఏడాది జీతం 39,500. పైగా ఆ డబ్బు యూనివర్సిటీది కాదు, ఆయన పాత లా పార్ట్‌నర్ వ్యాపారుల దగ్గర పోగుచేసింది. వాళ్ల కేసు కోర్టుకొస్తే?

నవంబరులో ఎన్నికలు. కొత్త ప్రెసిడెంటే జడ్జిని ఎంచుకోవాలని రిపబ్లికన్ల పట్టు. పౌరహక్కుల తీర్పుల మీద దక్షిణాది డెమొక్రాట్ల కోపం సరేసరి. రాజకీయం ఉందా అంటే, బోలెడంత ఉంది. అయినా ఆ ఫోన్ కాల్, ఆ 15,000 డాలర్లు ఎవరో కల్పించినవి కావు.

[తెరపై: 45–43]

అక్టోబరు 1న, వ్యతిరేకులు సాగదీస్తున్న చర్చ ఆపడానికి ఓటింగ్ పెట్టారు. అది ఆగితేనే ఫోర్టాస్ పేరు మీద ఓటు. మూడింట రెండొంతులు కావాలి, వచ్చినవి 45. ఫోర్టాస్ తన పేరు వెనక్కి తీసుకోమన్నారు. జడ్జిగా మాత్రం కొనసాగారు.

1969 మేలో అసలు బాంబు పేలింది. విచారణలో ఉన్న ఒక ఫైనాన్షియర్ ఫౌండేషన్ నుంచి ఏటా 20,000 డాలర్లు, బతికినంతకాలం! మొదటి విడత తీసుకుని, కొన్ని నెలల తర్వాత తిరిగిచ్చేశారు. అయినా రాజీనామా తప్పలేదు. ఆ ఒప్పందం 1966 నాటిది. అంతసేపు నిలదీసిన సెనేట్ కమిటీకి దాని జాడే దొరకలేదు.