సముద్రం మీద 113 మైళ్ళు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా పటంలో ఆగ్నేయ మూలన కిందికి చాచినట్టు కనిపించే ఫ్లోరిడా ద్వీపకల్పం కొస నుంచి, నైరుతి దిశగా వంపు తిరిగిన ఒక దీవుల వరుస సముద్రంలోకి సాగిపోతుంది. వాటిని ఫ్లోరిడా కీస్ అంటారు. ఒక పక్క అట్లాంటిక్ మహాసముద్రం, మరొక పక్క ఫ్లోరిడా అఖాతం, దానిని దాటితే మెక్సికో సింధుశాఖ. కర్కట రేఖకు కొద్దిగా ఎగువన ఉన్న ఈ దీవుల్లో చలికాలం పేరుకు మాత్రమే ఉంటుంది. చిట్టచివరి ఊరైన కీవెస్ట్‌లో ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి దిగినట్టు వాతావరణ రికార్డుల్లో ఎక్కడా లేదు. ప్రధాన భూభాగం నుంచి కీవెస్ట్ దాకా దీవులన్నిటినీ గుదిగుచ్చుతూ 42 వంతెనలతో 113 మైళ్ళ రోడ్డు ఉంది. మన లెక్కలో సుమారు 182 కిలోమీటర్లు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన మన తల్లిదండ్రులు, సెలవులు దొరికిన మన యువ దంపతులు చాలామంది ఈ దారిన వెళ్ళి వస్తున్నారు. అయితే తెల్లవారుజామున మయామీలో బయలుదేరి, మధ్యాహ్నానికి కీవెస్ట్ చేరి, అక్కడి దక్షిణపు కొస గుర్తు దగ్గర ఫోటో తీయించుకుని, రాత్రికి తిరిగి వచ్చేసేవారే వారిలో ఎక్కువ. మావారూ నేనూ టాంపాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇద్దరమే కారులో ఈ దీవులు చూసి వచ్చాము. ఈ ప్రయాణంలో చూడవలసినది కీవెస్ట్‌లో కన్నా దానికి ముందున్న దారిలోనే ఎక్కువగా ఉందని, ఆ దారి ఎలా పుట్టిందో తెలిసి వెళ్ళినవారికి అది మరింత బాగా కనబడుతుందని నా గట్టి నమ్మకం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ దారి గురించే.

ముందుగా ఒక చిన్న విషయం. ఈ రోడ్డు పక్కన ప్రతి మైలుకూ ఒక ఆకుపచ్చని పలక, దాని మీద ఒక అంకె ఉంటాయి. కీవెస్ట్ సున్నా, అక్కడి నుంచి ఉత్తరంగా వచ్చేకొద్దీ అంకె పెరుగుతుంది. ఈ దీవుల్లో హోటలు గాని, ఆసుపత్రి గాని, ఎవరి ఇల్లు గాని ఎక్కడ అని అడిగితే ఆ మైలు అంకె చెప్పి, అది సముద్రం వైపో అఖాతం వైపో చెబుతారు. ఆ రెండూ తెలిస్తే చాలు, దారి తప్పే ప్రసక్తి లేదు.

ఇప్పుడు మనం కారులో వెళ్ళే ఈ దారి మొదట రైలు కోసం వేసినది. రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించినవారిలో ఒకరైన హెన్రీ ఫ్లాగ్లర్, ఫ్లోరిడా తూర్పు తీరమంతటా రైలు మార్గం వేసి, దానిని సముద్రం మీదుగా కీవెస్ట్ వరకు పొడిగించాలని 1905లో పని మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు. పనామా కాలువ తవ్వకం సాగుతున్న రోజులవి. ఆ కాలువకు దగ్గరలో ఉన్న లోతైన అమెరికన్ రేవు కీవెస్ట్ కాబట్టి, ఓడల సరుకంతా తన రైలు మీదికి వస్తుందని ఆయన ఆశ. జనం దానిని ఫ్లాగ్లర్ పిచ్చి అన్నారు. తాగే నీళ్ళు కూడా దొరకని దీవులకు ప్రధాన భూభాగం నుంచి నీళ్ళు మోసుకువచ్చి, నీటిలో నిలిచే స్తంభాల కోసం జర్మనీ నుంచి సిమెంటు తెప్పించి, దోమల మధ్య, ఎండలో వేలమంది కార్మికులు పనిచేశారు. పని సాగుతుండగానే 1906, 1909, 1910 సంవత్సరాల్లో తుపానులు విరుచుకుపడ్డాయి. మొదటి దానిలోనే వందమందికి పైగా కార్మికులు చనిపోయారు. చివరికి 1912 జనవరి 22న 82 ఏళ్ళ ఫ్లాగ్లర్ తన సొంత పెట్టెలో కూర్చుని రైలు మీద కీవెస్ట్ చేరాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

దీవులన్నిటిలో మొదట వచ్చేది, పెద్దది కీ లార్గో. అక్కడి జాన్ పెన్నెక్యాంప్ పార్కు, అమెరికాలో సముద్రగర్భాన్ని కాపాడడానికి ఏర్పడిన మొదటి పార్కు. అడుగున గాజు బిగించిన పడవలో కూర్చుని, ఈత రానివారు కూడా పగడపు దిబ్బలను, వాటి మధ్య తిరిగే చేపలను చూడవచ్చు. అయితే పగడాన్ని చేతికి అందేంత దగ్గరగా చూడాలంటే మరి కొంత ముందుకు వెళ్ళి, 85వ మైలు దగ్గర విండ్లీ కీ అనే చోట ఆగాలి. అక్కడ పాత రాతి గని ఒకటి ఉంది. రైలు కట్టకు రాయి కావలసివచ్చి ఫ్లాగ్లర్ మనుషులు తవ్విన గని అది. ఎనిమిది అడుగుల ఎత్తున నిలువుగా కోసిన గోడ పక్కన నిలబడితే, ఆ గోడ నిండా పగడాల ఆకారాలే. మెదడు మడతల వంటి గీతలతో ఒక పగడం, నక్షత్రాలు అద్దినట్టు ఇంకొకటి, రంపంతో కోసిన చోట అడ్డుకోతలో స్పష్టంగా కనిపిస్తాయి. లక్ష సంవత్సరాలకు పూర్వం, సముద్రమట్టం ఇప్పటికన్నా ఎత్తుగా ఉన్న కాలంలో, ఇదంతా నీటి అడుగున బతికిన పగడపు దిబ్బ. నీరు దిగిపోయాక మిగిలిన దిబ్బలే ఎగువ దీవులు. మావారు ఆ గోడ మీద చేయి వేసి, "మనం నడుస్తున్నది ఒకప్పటి ప్రాణుల మీద" అన్నారు. ఆ గనికి టిక్కెట్టు బహు తక్కువ. జనం అంతకంటే తక్కువ.

అక్కడి నుంచి మూడు మైళ్ళు వెళితే ఇస్లమోరాడా అనే ఊళ్ళో, రోడ్డు పక్కనే, తుపానులో చనిపోయినవారికి అదే పగడపు రాతితో కట్టిన స్మారక చిహ్నం ఉంది. రాతి మీద గాలికి వంగిన కొబ్బరిచెట్లు, వాటి కింద లేచిన అలలు చెక్కి ఉంటాయి. రామేశ్వరం వెళ్ళిన మనవారందరూ పాంబన్ వంతెనను ఎరుగుదురు. ఫ్లాగ్లర్ రైలు కీవెస్ట్ చేరిన రెండేళ్ళకు, 1914లో, ఆ వంతెన తెరుచుకుంది. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి రైలు ప్రయాణికులతో సహా ఎలా కొట్టుకుపోయిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సరిగ్గా అటువంటిదే ఇక్కడ 1935 సెప్టెంబరు 2న జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చి, ఆర్థిక మాంద్యంలో పని దొరకక అల్లాడుతున్న మాజీ సైనికులను ప్రభుత్వం ఈ దీవుల్లో రోడ్డు వంతెనల పనికి పంపి, గట్టి కట్టడాలు లేని శిబిరాల్లో ఉంచింది. తుపాను వస్తోందని తెలిసి వారిని తీసుకురావడానికి మయామీ నుంచి పంపిన రైలు ఆలస్యమై, చీకటి పడ్డాక ఇస్లమోరాడా చేరేసరికి ఉప్పెన వచ్చింది. పెట్టెలన్నీ పట్టాల మీద నుంచి కొట్టుకుపోయాయి. ఇంజను ఒక్కటే నిలిచింది. నాలుగు వందల మందికి పైగా మరణించారు. వాయుపీడనం లెక్కన చూస్తే, అమెరికా గడ్డను తాకిన తుపానుల్లో అంతకన్నా తీవ్రమైనది నేటికీ లేదు.

మావారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి ఆయన చిన్నవాడు. ఆ రాతి ముందు ఆయన చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, "మా దగ్గరా గాలి కాదు, నీళ్ళే తీసుకుపోయాయి" అని మాత్రం అన్నారు. స్మారకం ముందు, దీవుల పటం చిత్రించిన పలకల కింద, దాదాపు మూడు వందల మంది అస్థికలు ఉన్నాయి. ఎంత తొందరలో ఉన్నవారైనా ఇక్కడ పావుగంట ఆగాలని మనవి చేస్తున్నాను. ఎందుకంటే మనం వెళ్ళే రోడ్డు ఆ రాత్రి పర్యవసానమే. తెగిపోయిన మార్గాన్ని మళ్ళీ వేసే స్తోమత రైలు కంపెనీకి లేకపోయింది. మిగిలిన కట్టను, వంతెనలను ఫ్లోరిడా రాష్ట్రం 6,40,000 డాలర్లకు కొని, వాటి మీదే రోడ్డు వేసి 1938లో తెరిచింది.

మధ్య దీవుల్లో మారథాన్ పెద్ద ఊరు. 48వ మైలు దగ్గర ఉన్న తాబేళ్ళ ఆసుపత్రి 1986 నుంచి నడుస్తోంది. ఒకప్పటి మోటెల్ ఆవరణ అది. బస చేసినవారు ఈదిన ఉప్పునీటి కొలనులో ఇప్పుడు సముద్రపు తాబేళ్ళు ఈదుతున్నాయి. వైరస్ వల్ల కణితులు లేచినవి, గాలపు తాళ్ళు చుట్టుకుని రెక్క తెగినవి, పడవలు గుద్దినవి ఇక్కడికి వస్తాయి. పడవ గుద్దిన తాబేలుకు ఒక్కొక్కసారి డిప్ప కింద గాలి నిలిచిపోయి, వెనుక భాగం నీటి మీద తేలుతూ, మునగలేని స్థితి ఏర్పడుతుంది. మునగలేకపోతే అది మేతకు అడుగుకు వెళ్ళలేదు, మరో పడవ నుంచి తప్పించుకోలేదు. అందుకని డిప్ప మీద చిన్న చిన్న బరువులు అంటించి దానిని సమం చేస్తారు. డిప్ప పెరిగేకొద్దీ ఆ బరువులు ఊడిపోతాయి కాబట్టి మళ్ళీ అంటించాలి. అటువంటి తాబేలును సముద్రంలో వదిలే వీలు లేదు. మేము చూసిన ఒక పెద్ద తాబేలు, వీపు మీద ఆ బరువుతో, నిదానంగా అడుగుకు దిగి పాలకూర ముక్క నోట కరచుకుని పైకి వచ్చింది. ఆసుపత్రి చూపించడానికి తీసుకునే రుసుము వైద్యానికే ఖర్చు పెడతారు.

మారథాన్ దాటగానే ఏడు మైళ్ళ వంతెన. ఇప్పుడు వాహనాలు వెళ్ళేది 1982లో పూర్తయినది. దాని పక్కనే పాత రైలు వంతెన సమాంతరంగా నిలిచి ఉంది. దాని మీద, కాంక్రీటు పగులులో, మట్టి అన్నది లేనిచోట ఒక సరుగుడు జాతి చెట్టు పెరిగింది. స్థానికులు దానికి ఫ్రెడ్ అని పేరు పెట్టి, క్రిస్మస్‌కు దీపాలు అలంకరిస్తారు. పాత వంతెనలో మొదటి రెండు మైళ్ళ పైచిలుకు భాగాన్ని బాగుచేసి, నడిచేవారికీ సైకిలువారికీ 2022లో మళ్ళీ తెరిచారు. కొత్త వంతెన మీద కారు ఆపడానికి వీలుండదు. కాబట్టి ముందే పాత దాని మీద నడవండి. కింద నీరు ఒకచోట లేత పచ్చగా, ఒకచోట నీలంగా, గడ్డి ఉన్నచోట ముదురుగా కనిపిస్తుంది. రోడ్డు వేసినప్పుడు పక్క కమ్ములుగా బిగించినవి ఆ పాత రైలు పట్టాలే. ఆ నడక చివర ఉన్న పిజియన్ కీ అనే బుల్లి దీవిలో, వంతెన కట్టిన రోజుల్లో నాలుగు వందల మంది కార్మికులు నివసించారు.

37వ మైలు దగ్గర బహియా హోండాలో మరొక పాత వంతెన ఉంది. ఇక్కడ నీరు లోతు కాబట్టి ఉక్కు దూలాల చట్రాలతో కట్టారు. రైలు ఆ చట్రాల లోపలి నుంచి వెళ్ళేది. రోడ్డుకు ఆ వెడల్పు చాలలేదు. అందువల్ల ఇంజనీర్లు చట్రాల నెత్తి మీదే రోడ్డు వేశారు! 1972లో కొత్త వంతెన వచ్చేవరకు కార్లన్నీ ఆ ఎత్తునే పరిగెత్తాయి. ఇప్పుడు దానిలో కొంత భాగం తీసేశారు. ఒడ్డున ఇసుకలో కూర్చుని ఆ తెగిన వంతెనను చూస్తుంటే, కట్టినవారి తెగువ మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

తరువాతిది బిగ్ పైన్ కీ. ఉప్పునీటి నడుమ మంచినీటి గుంటలు ఉన్న దీవి కాబట్టి, ప్రపంచంలో మరెక్కడా లేని కీ జింకలు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. పెద్ద కుక్క ఎత్తు మాత్రమే ఉండే ఈ జింకలు వేట వల్ల 1950ల నాటికి కొన్ని పదులకు తగ్గిపోయాయి. 1957లో అభయారణ్యం ఏర్పడ్డాక వందల సంఖ్యకు పెరిగాయి. 2016లో పుండ్లలో గుడ్లు పెట్టే ఒక ఈగ వల్ల వందకు పైగా చనిపోతే, సంతాన శక్తి లేని మగ ఈగలను వదిలి ఆ తెగులును అరికట్టారు. ఇప్పుడు వాటికి పెద్ద ప్రమాదం మన కార్లే. సాయంత్రం మేము వెళుతుండగా ఒక జింక రోడ్డు వారగా వచ్చి నిలబడింది. "ఏమండీ, నెమ్మది" అన్నాను. ఆయన అప్పటికే వేగం తగ్గించారు. అక్కడ పగలు 45, రాత్రి 35 మైళ్ళు మించకూడదు. వాటికి తినడానికి ఏమీ పెట్టకూడదు కూడా; చేతి తిండికి అలవాటు పడిన జింక రోడ్డు మీదికే వస్తుంది.

కీవెస్ట్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సున్నా మైలు పలక, క్యూబా 90 మైళ్ళని రాసిన కాంక్రీటు గుర్తు, 1930లలో రచయిత హెమింగ్వే నివసించిన ఇంట్లో ఆరు వేళ్ళ పిల్లులు, వీధుల్లో యథేచ్ఛగా తిరిగే కోళ్ళు, మాలరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం. అన్నీ బాగుంటాయి, జనం మాత్రం విపరీతం.

ఈ దీవులను చూడదలచినవారు ఆలస్యం చేయవద్దని కూడా నా మనవి. 2023 జులైలో ప్రధాన భూభాగానికి ఆనుకుని ఉన్న మనాటీ బే అనే లోతు తక్కువ అఖాతంలో నీటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఆ వేసవిలో పగడాలు తెల్లబడి పెద్ద ఎత్తున చనిపోయాయి. శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద కార్యకర్తలు సముద్రంలోని నారుమళ్ళ నుంచి పగడపు ముక్కలను ఒడ్డున తొట్లలోకి తరలించి కాపాడారు. నీరు చల్లబడ్డాక వాటిని తిరిగి నాటే పని చేపట్టారు.

వెళ్ళేవారికి డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. జూన్ మొదటి నుంచి నవంబరు చివరి వరకు తుపానుల కాలం. దీవుల్లో చాలాభాగానికి వచ్చిపోవడానికి ఈ ఒక్క రోడ్డే కాబట్టి ఆ నెలల్లో వాతావరణ సూచనలు చూసుకోకుండా బయలుదేరకండి. శాకాహారులకు హోటళ్ళలో దొరికేది తక్కువ. పులిహోర, పెరుగన్నం వెంట ఉంచుకోండి. కీవెస్ట్‌లో గదులు బాగా ఖరీదు కనుక మారథాన్‌లో బస చేసి, మొదటి రోజు ఎగువ దీవులు, మరునాడు ఉదయాన్నే పాత వంతెన మీద నడక, ఎండ ముదిరాక తాబేళ్ళ ఆసుపత్రి, ఆ తరువాతే కీవెస్ట్ పెట్టుకుంటే, తిరుగు ప్రయాణంలో బిగ్ పైన్ కీని చీకటి పడకముందే దాటవచ్చు.